సగం సగం ముఖం వద్దు బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

నీ బొమ్మ నువ్వే వేసుకుంటానని ఫోన్లో పంపిన స్కెచ్ చూశాను. రాత్రి ఒకసారి చూశాను, పొద్దున చాయ్ తాగుతూ మళ్లీ చూశాను. ఫోన్లో చెబితే "సరే అత్తమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. నీకు తెలుగు చదవడం ఇంకా నెమ్మదే కదా, అక్షరాలు విడివిడిగా, గుండ్రంగా రాస్తున్నాను. తొందరపడకుండా చదువు.

గీత బాగుంది. కళ్లు నీవే. ఆ ముక్కు మా తమ్ముడిది, అందులో అనుమానమే లేదు. కానీ ముఖాన్ని నిలువునా రెండుగా చీల్చి, ఒక పక్క కాకతీయ తోరణం, బతుకమ్మ, ఇంకో పక్క గేట్‌వే ఆఫ్ ఇండియా, లోకల్ రైలు పెట్టావే, అది నాకు నచ్చలేదు. ముప్పై ఏళ్లకు పైగా బడిలో డ్రాయింగ్ చెప్పినదాన్ని. "నేనెవరు" అని బొమ్మ వేయమంటే చాలామంది పిల్లలు ముందుగా వేసేది ఇదే. సగం ఇది, సగం అది, మధ్యలో ఒక గీత. చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది, వెంటనే మరిచిపోతారు కూడా.

ముంబై దగ్గరి భీవండిలో పుట్టావు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ. అక్కడ నిన్ను తెలుగోళ్ల పిల్ల అన్నారు, ఇక్కడ హాస్టల్లో బొంబాయి పిల్ల అంటున్నారు. మొన్న ఆ మాట చెబుతూ ఏడ్చినంత పని చేశావు. ఆ బాధను నేను తీసిపారేయను. అయితే వాళ్లు గీసిన గీతను తెచ్చి నీ ముఖం మీద నువ్వే గీసుకుంటే ఎట్లా? తల దువ్వుకునేటప్పుడు, అన్నం కలుపుకునేటప్పుడు, జ్వరం వచ్చి పడుకున్నప్పుడు నీకు నువ్వు ఎప్పుడైనా సగం అనిపించావా?

తోరణం మీద నాకు కోపం లేదు. కానీ కోటకు నువ్వు ఎన్నిసార్లు వెళ్లావు? ఒక్కసారి, అదీ నాతోనే, ఎండకు తట్టుకోలేక గంటలో తిరిగొచ్చాం. గేట్‌వే దగ్గరికి బడి వాళ్లు తీసుకుపోయారని నువ్వే చెప్పావు. ఆ రెండు కట్టడాలకూ నీ బతుకుతో పనిపడలేదు. నేను పెట్టుకున్న నియమం ఒకటి చెబుతాను. నీ చేయి తగలనిది, నీవాళ్ల చేయి తగలనిది ఏదీ బొమ్మలోకి రానీయకు. మిక్స్‌డ్ మీడియా, అంటే రంగులతో పాటు వస్తువులూ కలిపి చేసే బొమ్మ అనగానే పిల్లలు పూసలు, అద్దాలు, మెరుపు కాగితం కొనుక్కొస్తారు. కొనుక్కొచ్చిన వస్తువు నీ గురించి ఏం చెబుతుంది?

1912లో పికాసో ఒక చిన్న నిశ్చలచిత్రంలో, కుర్చీ అల్లిక అచ్చు వేసిన ఆయిల్‌క్లాత్ ముక్క అంటించి, చుట్టూ ఫ్రేమ్‌కు బదులు తాడు కట్టాడు. బొమ్మలోకి నిజం వస్తువు రావడం అనగానే పెద్ద పుస్తకాల్లో ఆ సంగతే మొదట చెబుతారు. నాకు అందులో నచ్చేది ఆ తాడు. అది తాడు బొమ్మ కాదు, తాడే. చూసేవాడి కన్ను అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. నీ బొమ్మలో కూడా కన్ను అట్లా ఆగే చోటు ఒకటో రెండో ఉంటే చాలు. పది అవసరం లేదు.

కాబట్టి ఇప్పుడే గీయకు. ముందు నేల మీద పాత దుప్పటి ఒకటి పరిచి, నీ దగ్గరున్నవి, మీ అమ్మావాళ్లు పంపగలిగినవి, నా దగ్గరున్నవి అన్నీ పోసుకుందాం. ఒక్కోటి చేతిలోకి తీసుకుని ఒకే ప్రశ్న అడుగు. ఇది ఎవరి చేతిలో ఉండింది, ఏం పని చేసింది? జవాబు రానిది పక్కన పెట్టెయ్. అందంగా ఉన్నా సరే.

నా ట్రంకు పెట్టెలో ఏమున్నాయో చెబుతాను. ఒకటి మీ బాపమ్మ నేసిన జంఖానా ముక్క, నేల మీద పరుచుకునే మందపాటి నూలు గుడ్డ, జానెడున్నర ఉంటుంది, ఎరుపూ నలుపూ ఆకుపచ్చా అడ్డచారలు. ఒకటి పంజా. నువ్వు చూసి ఉండవు. ఇనుప పళ్లు, కట్టె పిడి, దువ్వెన లాగా ఉంటుంది. అడ్డంగా పోయే పేక నూలు వేశాక దాంతో కొడితే నూలు దగ్గరకు పోయి బిగుస్తుంది. మీ బాపమ్మ చేయి పట్టిన చోట పిడి ఒక పక్క అరిగి నున్నగా అయింది. నీ బొటనవేలు అక్కడ పెట్టి చూడు, సరిగ్గా కూర్చుంటుంది. వరంగల్ కొత్తవాడలో మా ఇంట్లో పొద్దున నిద్ర లేచేది ఆ పంజా చప్పుడుకే. మీ తాత మాత్రం మగ్గం మీద కూర్చోలేదు, ఆజంజాహి మిల్లుకు పోయేవాడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు, అప్పట్లో ఊరి సగం మందికి అన్నం అదే. సైరన్ మోగితే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆ మిల్లు మూతపడింది, తర్వాత మగ్గాలూ చాలలేదు. మీ బాపు పవర్‌లూమ్ పని కోసం భీవండికి పోయాడు. మన వాడలో చాలా ఇళ్ల నుంచి అట్లా పోయారు. మీ బాపు గట్టిగా మాట్లాడతాడని నువ్వు విసుక్కుంటావు చూడు, అది కోపం కాదు. ఆ మగ్గాల మోతలో ఇన్నేళ్లు నిలబడిన మనిషి అట్లానే మాట్లాడతాడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. నువ్వు అదే చేయబోతున్నావని భయం.

మీ తాత చనిపోయిన ఏడాది నేను ఆయన బొమ్మ వేశాను. బొగ్గుతో ముఖం, కింద ఆయన మిల్లు కార్డు. కార్డంటే అసలు కార్డే. చిన్న ఫొటో, ఊదారంగు స్టాంపు, ఫౌంటెన్ పెన్నుతో ఆయన సంతకం. ఫెవికాల్ బాగా పట్టించి అంటించి, పైన వార్నిష్ కొట్టాను. బ్రష్ రెండోసారి పోయేసరికి సంతకం పాకింది. నీలం రంగు స్టాంపులోకి కారింది, ఫొటో అంచు లేచింది. ఒత్తి చూశాను, తుడిచి చూశాను, ఇంకా పోయింది. మీ తాత చదువుకున్నది తక్కువ. ఆయన చేతిరాతగా మా ఇంట్లో మిగిలింది ఆ సంతకం ఒక్కటే. ఆ బొమ్మ వేసిన చెక్క పలకను బీరువా వెనకాల పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంది. అమ్మ అడిగితే ఇంకా ఆరలేదని ఎన్నో రోజులు అబద్ధం చెప్పాను.

అందుకే అసలు కాగితం ఏదీ అంటించకు బిడ్డా. మీ అమ్మ పెళ్లి ఫొటో, పాత రేషన్ కార్డు, ఏదైనా సరే. జిరాక్స్ తీయించు, అసలు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంటికి తిరిగి పంపు.

జిరాక్స్‌ను ఊరికే అంటిస్తే అతికించిన కాగితంలాగే కనిపిస్తుంది. బొమ్మలోకి దిగాలంటే ఒక పద్ధతి ఉంది. జిరాక్స్ గానీ లేజర్ ప్రింటు గానీ కావాలి, ఇంక్‌జెట్ పనికిరాదు. తడి వేలితో ఓ మూల రుద్ది చూడు, రంగు పాకితే అది ఇంక్‌జెట్. పలక మీద అక్రిలిక్ మీడియం, అంటే రంగు కలపని అక్రిలిక్ జిగురు, మందంగా పూసి, ప్రింటును బోర్లా వేసి, మధ్య నుంచి అంచులకు వేలితో నొక్కుకుంటూ పో. గాలి బుడగ ఉండొద్దు. రాత్రంతా ఆరనివ్వు. పొద్దున స్పాంజితో తడిపి వేలికొసతో మెల్లగా రుద్దితే కాగితం పొట్టు పొట్టుగా లేచి వస్తుంది, నల్ల అచ్చు మాత్రం పలక మీద ఉండిపోతుంది. బొమ్మ కుడిఎడమలు తిరగబడుతుంది కాబట్టి అక్షరాలున్న కాగితమైతే జిరాక్స్ షాపులో ముందే మిర్రర్ చేయించు. గోటితో రుద్దావంటే అచ్చు కూడా పోతుంది. నాలుగు చెత్త ముక్కల మీద చేసి చేయి కుదిరాకే పెద్ద పలక ముట్టుకో.

పలక విషయం తొందరగా చెప్పేస్తాను. ప్లైవుడ్ తీసుకో, రెండడుగులు రెండున్నర చాలు. వెనక రెండు బద్దలు కొట్టించు, ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే తెల్ల పూత, రెండు వైపులా పూయి, లేకపోతే వానాకాలంలో వంగుతుంది. అక్రిలిక్ మీద ఆయిల్ రంగు వేయొచ్చు, ఆయిల్ మీద అక్రిలిక్ వేయకూడదు, ఊడిపోతుంది. అద్దం వేయించేటట్టయితే అద్దానికీ బొమ్మకూ మధ్య ఖాళీ ఉంచమని చెప్పు.

జంఖానా ముక్కను మాత్రం జిగురుతో అంటించొద్దు. బరువు ఎక్కువ, ఎప్పటికైనా వేలాడుతుంది. అంచులు లోపలికి మడిచి కుట్టి, పలకకు సన్నటి రంధ్రాలు వేసి, మందపాటి దారంతో కట్టాలి. కుట్లు కనిపిస్తాయని భయపడకు, కనిపించనీ. నూలుతో బతికిన ఇల్లు మనది.

ఇక అసలు సంగతి. ఆ నిలువు గీత తీసేస్తే బొమ్మను ఎట్లా అమర్చాలి అంటావు. ఆ జంఖానా ముక్కనే దగ్గరగా చూడు. నిలువుగా పోయేది పడుగు, అది కనిపించను కూడా కనిపించదు. పైకి కనిపించే రంగంతా అడ్డంగా పోయే పేకదే. ఎరుపు అయిపోయి నలుపు మొదలైన చోట వేలు పెట్టి రుద్ది చూడు. రంగు మారింది, గుడ్డ తెగలేదు. లోపల అదే పడుగు నడుస్తూనే ఉంది. వరంగల్ జంఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అనే ముద్ర, వచ్చినప్పుడు పేపర్లలో డిజైన్ల గురించి ఎంతో రాశారు. నాకైతే ఎప్పుడూ ఇదే అబ్బురం.

నీ ముఖాన్ని అట్లా వరసలుగా అనుకో. నుదురు ఒక వరస, కళ్లు ఒకటి, నోరు ఒకటి, మెడ ఒకటి, కింద చేతులు. ఒక్కో వరసలో ఒక్కో వస్తువు, ఒక్కో కాలం. గీత మాత్రం పైనుంచి కింద దాకా ఒకే చేతిది, ఒకే బొగ్గుది. అదే నీ పడుగు.

ఇది నేను కనిపెట్టింది కూడా కాదు. మా చిన్నప్పుడు కొత్తవాడకు కూనపులి వాళ్లు వచ్చేవాళ్లు. పద్మశాలీల ఇళ్ల ముందు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. భావనారుషి తామర తూడుల నారతో బట్ట నేసిన కథ. మాదిగలకు డక్కలి వాళ్లు జాంబపురాణం చెప్పేవాళ్లు, ముదిరాజులకు కాకి పడగల వాళ్లు ఉండేవాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో పటం. మీరెవరు, ఎక్కడి నుంచి వచ్చారు అన్నదానికి ఆ గుడ్డ చుట్టే జవాబు. ఎర్రటి నేల మీద బొమ్మలు, వరస కింద వరస, రెండు వరసల మధ్య పూల అంచు. చుట్ట విప్పే కొద్దీ కథ కిందికి నడుస్తుంది. నేను ముందు వరసలో కూర్చుని, మన బొమ్మ ఎప్పుడు వస్తుందా అని చూసేదాన్ని. మిల్లు రాలేదు, అమ్మ రాలేదు. కథ దేవతల దగ్గరే అయిపోయింది. ఆ వెలితి ఇప్పటికీ ఉంది నాకు. నీ బొమ్మలో ఆ కింది వరసలు నువ్వు వేస్తే నాకు సంతోషం.

కానీ ఆ పటంలోని దేవుళ్లను, ఆ పెద్ద కళ్లను కాపీ కొట్టి అంటించుకోవద్దు. అది చేర్యాలలో ఆ పటాలు వేసే నకాషీ వాళ్ల చేతి పని, తరతరాల పని. వరసలుగా కథ చెప్పే పద్ధతి నేర్చుకో, అంతే. వీలైతే ఒకరోజు జనగామ మీదుగా చేర్యాల పోదాం. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి ఎట్లా పూస్తారో కళ్లారా చూస్తే నీ ప్రైమర్ డబ్బా మీద నీకు మోజు పోతుంది. ఒక చిన్న పటమో మాస్కో కొనుక్కుని రావాలి, ఉత్తగా చూసి రాకూడదు.

రంగు గురించి. స్కెచ్‌లో నీ ముఖం గులాబీ రంగులో ఉంది. నువ్వు నా రంగే కదా! ఫోన్ ఫిల్టర్ పెట్టిన ఫొటో చూసి వేశావని అర్థమైంది. మా రోజుల్లో స్టూడియో వాళ్లు బ్రష్‌తో ముఖం తెల్లగా దిద్ది ఇచ్చేవాళ్లు, నా పెళ్లిచూపుల ఫొటోలో నన్ను నేనే గుర్తుపట్టలేదు. నీకు ఆ ఖర్మ ఎందుకు? కిటికీ పక్కన అద్దం పెట్టుకుని, పొద్దుటి వెలుతురులో చూసి వేయి. బర్న్‌ట్ సియన్నా గోధుమరంగులో కొంచెం అల్ట్రామెరైన్ నీలం, కొంచెం యెల్లో ఆకర్ పసుపు కలుపు. తెలుపు చివర్లో, చిటికెడు. నీడలకు నల్ల రంగు వాడకు, చర్మం చచ్చిపోతుంది, నీలమే ఇంకాస్త ఎక్కువ వేయి. చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మల ఫొటోలు చూడు. 1942లో మన పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని, తిరిగొచ్చి పల్లె ఆడవాళ్లనే వేశారు. ఆ నల్లటి ముఖాల మీద కుంకుమ బొట్టు ఎంత నిబ్బరంగా నిలబడుతుందో చూడు. ఎవరికీ తెల్లగా కనిపించాలన్న ఆత్రం లేదు వాళ్లకు.

అక్షరాల గురించి ఇంకో మాట. స్కెచ్ కింద తెలుగు, హిందీ, మరాఠీ మూడింట్లోనూ "నేను" అని ప్రింటు అక్షరాలతో రాశావు. తీసెయ్. నీ చేతిరాతే ఉండగా ప్రింటు ఎందుకు? పోయిన నెల సరుకుల చీటీ రాసిచ్చావు గుర్తుందా? పసుపు, ఉప్పు, చింతపండు అని రాసి, ప్రతి మాట మీదా ఒక అడ్డగీత గీశావు, హిందీలో గీసినట్టు. తలకట్లన్నీ ఆ గీతలో కలిసిపోయాయి. కొట్టతను చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. నువ్వు సిగ్గుపడి దాన్ని నలిపేయబోతే నేను తీసుకుని దాచాను. ఆ గీత ఇంకెవరి రాతలో ఉంటుంది చెప్పు? వరంగల్‌లో పుట్టిన పిల్ల గీయదు, భీవండిలో పుట్టిన మరాఠీ పిల్లకు తెలుగే రాదు. ఆ చీటీని జిరాక్స్ తీయించి నోటి వరసలో దించు. చదవడానికి వీలు లేకపోయినా పర్వాలేదు.

మీ అమ్మ ఫొటో పెట్టాలనుకుంటే ముందు ఆమెను అడుగు. మీ బాపునూ అడుగు. వాళ్లు చెప్పని సంగతులు ఊహించి నింపకు. మీ బాపు భీవండిలో మొదటి మూడేళ్లు ఎక్కడ పడుకున్నాడో, ఏం తిన్నాడో నాకూ చెప్పలేదు. చెబితే ఆ వరస వేయి. చెప్పకపోతే ఆ వరస ప్రైమర్ తెలుపుతో అట్లాగే వదిలెయ్. పువ్వులు గీసి కప్పకు. ఖాళీగా ఉందేమిటని ఎవరైనా అడిగితే, ఇక్కడ నాకు తెలియదు అని చెప్పు.

గడువు దగ్గర పడిందని టెన్షన్ పడుతున్నావని తెలుసు. అన్ని వరసలూ కాకపోతే రెండే అవుతాయి. చేతులు మాత్రం వదలొద్దు. అందరూ ముఖం మీదే కూర్చుని చేతులు వేయడం కష్టమని ఫ్రేమ్ కింద కోసేస్తారు. నువ్వు ఎడమ చేత్తో పంజా పట్టుకుని, బొటనవేలు ఆ అరిగిన చోట పెట్టి, కుడి చేత్తో గీయి. కుడి చేయి ఫొటోలో చూసి వేసుకోవచ్చు, ఎడమ చేయికి ఫొటో వద్దు, వస్తువు పట్టినప్పుడు వేళ్లలో బిగువు ఎక్కడ వస్తుందో నీకు లోపల తెలియాలి.

శనివారం రాత్రి చింతగింజలు నానబెడతాను. పొద్దున పొట్టు తీసి నూరి కాచుకుంటే రెండు గంటల్లో జిగురు తయారవుతుంది, కాగితం పనికి ఫెవికాల్ కంటే నాకు అదే ఇష్టం. పురుగు పట్టకుండా బైండింగ్ వాళ్లలాగా చిటికెడు మైలుతుత్తం వేస్తాను. అది విషం, వంటగిన్నెలు వాడొద్దు, వేళ్లు నోట్లో పెట్టుకునే నీ అలవాటు ఆ పూట మానుకోవాలి. ఆదివారం ఏడింటికల్లా రా. టిఫిన్ ఇక్కడే. ప్లైవుడ్ ముక్క ఆటోలో తెచ్చుకో, బస్సులో మూలలు దెబ్బతింటాయి. సరుకుల చీటీ నా దగ్గరే ఉంది.

మీ అత్తమ్మ